పై వాలు మట్టి

పై వాలులోని కాఫీ మొక్కలన్నీ రేపు పీకించేస్తానని భర్త అనగానే ఆవిడ చేతిలోని బుట్టను విసిరికొట్టింది. పండ్లు కళ్లమంతా చెల్లాచెదురయ్యాయి. పండ్లని పేరే గానీ సగానికి పైగా తాలే.

"మట్టి బ్రహ్మాండంగా ఉందని పరీక్షలో తేలింది. ఎక్కడ ఎంత కావాలో అంతే ఎరువు వేశాం, ఖర్చు సగం తగ్గింది. ఇంకా కాయలేదంటే తప్పు చెట్లది. కాదంటే నీ కత్తిరింపుది," అన్నాడాయన తీరిగ్గా.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. నారు పోసింది ఆవిడ, నడుం విరిగేలా కొండెక్కి నాటింది ఆవిడ, ఏటా కొమ్మలు కత్తిరించేదీ ఆవిడే. కళ్లం పక్క మొక్కలు విరగకాస్తే అది ఆయన గొప్ప, పైన ఎండిపోతే మాత్రం ఆవిడ తప్పు! ఇదెక్కడి న్యాయం?

పంట చూసిపోదామని వచ్చిన ఎరువుల సలహాదారును పట్టుకుని అడిగింది: "పరీక్షకు పై వాలు మట్టి ఎక్కడ తీశారు బాబూ?"

"నేను తియ్యలేదమ్మా. అయ్యగారే తీసి, సంచులు కట్టి ఇచ్చారు."

ఆవిడ భర్తవైపు తిరిగింది. ఆయన మీసం సవరించుకున్నాడు.

"పైనున్న ఆ పాలిపోయిన మట్టి చేతికిస్తే మన పరువేం కాను? ఇక్కడే, కళ్లం పక్కన కాఫీ పండ్ల తొక్కలు కుళ్లిన చోట, నల్లటి మట్టి తీసి అన్ని సంచుల్లోనూ నింపాను."



"మీకు జ్వరమొస్తే పక్కింటి పహిల్వాను నెత్తురు పరీక్షకిస్తారా?" అని నిలదీసింది ఆవిడ. "చెట్ల నోటి దగ్గర కూడు లాగేసి, మిగిలినదాన్ని లాభమన్నారు. బలం లేక వాడిపోతే నా కత్తెర మీద పడ్డారు!"

"పోనీలే... కూలీలకు రమ్మని చెప్పేశానే," అని గొణిగాడాయన.

"రానివ్వండి, ఎరువు మోస్తారు. ముందు మీరు పదండి." గునపం ఆయన చేతిలో పెట్టింది.

"ఎండగా ఉందే!"

"చెట్లకూ అదే ఎండ."

మళ్లీ పరీక్షకని సలహాదారు ఖాళీ సంచి అందించాడు.

ఆయన ఏళ్ల తర్వాత ఆ వాలెక్కాడు, రొప్పుతూ. గునపం దింపితే తెల్లటి పెళ్లలు లేచాయి. వాటిని చేత్తో నలిపి చూశాడు.

"ఇంత చచ్చుమట్టిలో ఇవెలా బతికాయే?"

"బతకలేదు, నేను బతికించాను," అందావిడ. కోపం ఇంకా చల్లారలేదు. "నింపండి. మీ పరువు కూడా అందులోనే వేసి మూతి కట్టండి."