గట్టెక్కని బంతి

షేల్‌టన్ ఊళ్లో ఎవరైనా స్ట్రైక్ అంటే, ఏ స్ట్రైక్ అని అడిగేవారు. బొగ్గుగనిలో స్ట్రైక్ అయితే మగవాళ్లందరూ ఇంటికొచ్చి కూర్చుంటారు. బేస్‌బాల్ మైదానంలో అయితే, మూడు స్ట్రైకులు పడ్డవాడొక్కడే బెంచీకొచ్చి కూర్చుంటాడు. 1936 వేసవిలో మాత్రం గనీ ఆగలేదు, జట్టూ ఆగలేదు. ఆ ఒక్క వేసవిని తలుచుకుని ఆ ఊరి ముసలివాళ్లు నలభై ఏళ్లు బతికారు.

జట్టు పేరు కెనరీలు. గనిలో విషవాయువు ఉందో లేదో తెలుసుకోవడానికి పంజరంలో పెట్టి దింపే పసుపుపచ్చ పిట్టలవి. గాలి చెడితే ముందు పడిపోయేది పిట్టే. పందొమ్మిదేళ్లుగా ఆ లీగులో గాలి ఎటు తిరిగినా ముందు పడిపోయింది ఈ పిట్టలే.

ఆ పందొమ్మిదేళ్లూ మైదానాన్ని చూసుకున్నవాడు హైరమ్ లుట్జ్. యాభై ఎనిమిదేళ్ల మనిషి, భార్య పోయింది, పొద్దున్నే ఉప్పద్దిన ప్రెట్జెల్ బిస్కట్టు ఒకటి నోట కరుచుకుని వచ్చి చీకటి పడితే వెళ్లేవాడు. అతని ఉద్యోగమంతా నాలుగే నాలుగు సరుకులు: గడ్డి, మట్టి, నీళ్లు, సున్నం. ఎదుటివాళ్లకి మట్టి కరిపించడం వేరే ఊళ్లలో ఆటగాళ్ల పని కావచ్చు. షేల్‌టన్‌లో ఏ రకం మట్టి కరిపించాలో హైరమ్ ముందే జల్లెడ పట్టి ఉంచేవాడు. వచ్చే జట్టులో కాలి చురుకు ఉన్నవాళ్లుంటే మొదటి బేస్ చుట్టూ బురద చేసేవాడు. ఆశల మీద నీళ్లు చల్లడం అనేది మిగతావాళ్లకి మాట వరసకి అనేది, అతనికి రబ్బరు గొట్టం పట్టుకుని చేసే పని.

ఇక సున్నం. బ్యాట్ పట్టినవాడు నిలబడే హోమ్ ప్లేటు దగ్గర పుట్టి రెండు వైపులా విచ్చుకుంటూ పోయే తెల్లగీతలు రెండున్నాయి కదా, గ్యాలరీ పైమెట్టు మీంచి చూస్తే మైదానం నుదుట నామం దిద్దినట్టు ఉండేవి. ఏటా సీజన్ చివరికి ఆ నామం ఊరివాళ్లకే పడేది.

లీగు గెలిస్తే జట్టు జెండా ఎగరేసుకోవడానికి సెంటర్ ఫీల్డ్ కంచె వెనకాల ఒక స్తంభం ఉంది. దానికి ఏటా ఏప్రిల్‌లో హైరమ్ తెల్లరంగు వేసేవాడు. పందొమ్మిది పూతలు పడి స్తంభం లావెక్కింది, జెండా మాత్రం ఎక్కలేదు. మన పిట్టలకి జెండా ఎగరెయ్యడం రాదు, జెండా ఎత్తెయ్యడమే వచ్చునని మంగలి షాపులో జోకు. హైరమ్ ఆ జోకుకి నవ్వేవాడు కాదు. చచ్చేలోపల ఒక్కసారి ఆ తాడు లాగాలని అతని కోరిక. అంతకు మించి అతను దేవుణ్ణి ఏమీ అడగలేదు.

ఆ ఏడు మే నెలలో పిట్టలకి రెక్కలొచ్చాయి. కారణం స్టాష్ డూడెక్.

డూడెక్ ముప్పై ఆరేళ్ల పొట్టి మనిషి. పేరులోనే దూది ఉంది, బంతినీ దూదిలాగే తాకేవాడు. బలంగా బాదేవాళ్లు రాజులైతే ఇతను బంటు. నిజంగానే బంటు, ఎందుకంటే అతనికి వచ్చిన విద్య బంట్ ఒక్కటే: బ్యాట్ ఊపకుండా అడ్డం పెట్టి, బంతిని మెల్లగా నేలమీదకి జార్చి, అవతలివాళ్లు దాన్ని ఏరుకునేలోపు మొదటి బేస్‌కి పరుగెత్తడం. అతని బంతి ఎప్పుడూ మూడో బేస్ వైపు గీత పక్కనే దొర్లుతూ పోయేది. గీత దాటితే ఫౌల్, పడ్డ కష్టమంతా గాలికి. గీత మీద ఆగినా చాలు, అది ఆటలో ఉన్నట్టే లెక్క.

ఏప్రిల్‌లోనే హైరమ్ అతని కోసం ఒక పని చేశాడు. మూడో బేస్ గీత పొడుగునా నలభై అడుగుల మేర మట్టి పోసి, దిమ్మిసతో కొట్టి, మైదానం లోపలికి వాలు పెట్టాడు. ఎత్తు బొటనవేలి మందం. నిలబడి చూస్తే కనబడదు. బయటికి పోబోయే బంతి అక్కడిదాకా వెళ్లి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగి లోపలికొచ్చేది. అమ్మాయిల వాలుచూపుకి పడిపోయినవాళ్లని చూశాం కానీ, నేల వాలుకి పడిపోయిన జట్లు ఆ వేసవిలో పదకొండు. సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే, మట్టి పోసినవాడూ బంతి జార్చినవాడూ. ఆట ముందు డూడెక్ గీత దగ్గరికెళ్లి, బూటు తాడు కట్టుకుంటున్నట్టు వంగి, చెంప నేలకి ఆనించి వాలు చూసుకునేవాడు. ఆట అయ్యాక ఇద్దరూ పనిముట్ల కొట్లో కూర్చుని, డూడెక్ భార్య ఆలుగడ్డ కూరి చేసి పంపిన పియరోగీలు తింటూ బర్చ్ బీరు తాగేవారు. 

జూలైలో మేనేజర్ మెక్‌గర్వీ డూడెక్‌ని వదిలేశాడు. పేరులో ఉన్న గర్వం ఆయనకి తలలో కూడా ఉండేది. ముసలాడి బంట్లతో జెండాలు రావని చెప్పి, పోటీలో రెండో స్థానంలో ఉన్న హేజెల్ క్రీక్ హ్యామర్స్ జట్టుకి డూడెక్‌ని ఇచ్చి, వాళ్ల దగ్గర్నుంచి ఎడమచేత్తో బంతి విసిరే ఒక పిచ్చర్‌నీ డజను బ్యాట్లనీ పుచ్చుకున్నాడు. పిచ్చర్ మంచివాడే. బ్యాట్లలో మాత్రం నాలుగు పగిలినవి.

 హైరమ్ ఆ వారమంతా గడ్డి చాలా పొట్టిగా కోశాడు.

ఆగస్టు గడిచింది. సెప్టెంబర్ మొదటి సోమవారం, లేబర్ డే నాడు, చివరి ఆట. గెలుపుల్లో కెనరీలూ హ్యామర్సూ సరిసమానం. ఆట షేల్‌టన్‌లో. ఎవరు గెలిస్తే వాళ్లదే జెండా.

ఆ పొద్దున హైరమ్ తెల్లవారుతూనే మూడో బేస్ గీత దగ్గర పార పట్టుకుని నిలబడ్డాడు. తను పెట్టిన వాలు అలాగే ఉంది. దాన్ని వాడుకోవడం తెలిసినవాడు మధ్యాహ్నం అవతలి చొక్కా తొడుక్కుని వస్తాడు. వదిలేస్తే అడిగేవాడు లేడు. మెక్‌గర్వీకి ఆ వాలు ఉన్న సంగతే తెలియదు. డూడెక్‌కి అదే ఆఖరి సీజనని, వచ్చే ఏడాది బావమరిది రొట్టెల బట్టీలో చేరతాడని హైరమ్‌కి తెలుసు. స్తంభం వైపు చూశాడు. పందొమ్మిది పూతలు. తర్వాత బండి తోసుకొచ్చి మట్టి తవ్వడం మొదలుపెట్టాడు.

ఎనిమిదింటికల్లా వాలు బయటివైపుకి తిరిగింది. కొత్త మట్టి బిగుసుకోవాలని బాగా తడిపాడు. తర్వాత సున్నం బండి తోసుకుంటూ గీత గీశాడు. వెనక్కి తిరిగి చూస్తే గీత మధ్యలో పాములా వంకర పోయింది. పందొమ్మిదేళ్లలో అతని గీత వంకర పోవడం అదే మొదలు. చేతుల వైపు చూసుకున్నాడు, తిట్టుకున్నాడు, వంకర కనబడకుండా దాని మీదే ఇంకో గీత చిక్కగా గీశాడు.

మధ్యాహ్నం బస్సు దిగిన డూడెక్ తిన్నగా మూడో బేస్ దగ్గరికొచ్చి, బూటు తాడు కట్టుకోవడానికి వంగాడు. చాలాసేపు లేవలేదు. హైరమ్ చీపురు పట్టుకుని అక్కడే ఉన్నాడు.

"బాబాయ్, అటు తిప్పేశావే," అన్నాడు డూడెక్, వంగినవాడు వంగినట్టే.

"తిప్పాను."

"నా ఒక్కడి కోసమేనా?"

"ఇంకెవడికోసంరా? మీ వాళ్లలో బంట్ చేతనైనవాడు ఇంకెవడున్నాడు?"

డూడెక్ లేచి మోకాలి దుమ్ము దులుపుకున్నాడు. పెద్ద పెద్ద లీగుల్లో గొప్ప బ్యాటర్లకి భయపడి మైదానాలు మార్చేవారని విన్నాడట, తన పేరు చెప్పుకుని ఎవడో పార పట్టుకుంటాడని కలలో కూడా అనుకోలేదట. ఈ మాట ఇంటికెళ్లగానే భార్యకి చెబుతానన్నాడు. ఎగతాళి చేస్తున్నాడేమోనని హైరమ్ అతని మొహం చూశాడు. ఎగతాళి కాదు. అదే ఎక్కువ కష్టంగా అనిపించింది.

ఊళ్లో తలుపులన్నీ వేసి జనం వచ్చేశారు. లేబర్ డే సెలవైనా పొద్దుటి షిఫ్టు చేసి గని నుంచి తిన్నగా వచ్చినవాళ్ల మొహాల్లో కళ్లూ పళ్లే తెలుస్తున్నాయి. ఎనిమిది ఇన్నింగ్స్ అయ్యేసరికి మూడు పరుగులకి మూడు. ఆఖరిదైన తొమ్మిదోదానిలో ముందు బ్యాట్ పట్టింది హ్యామర్స్. ఒకడు అవుటయ్యాడు, ఒకడు మూడో బేస్ చేరి నిలబడ్డాడు. వాడు హోమ్ చేరితే హ్యామర్స్‌కి వచ్చేది పరుగు, షేల్‌టన్‌కి పోయేది పరువు. అప్పుడు డూడెక్ వచ్చాడు.

గ్యాలరీ అంతా లేచింది. మే నెలలో అతని పేరు అరిచిన గొంతులే ఇప్పుడు, ఇంకా మంచం దిగొచ్చావా తాతా అని, ఆ బ్యాట్ చేతికర్రగా పట్టుకెళ్లమని అరిచాయి. హైరమ్ పనిముట్ల కొట్టు గుమ్మంలో నిలబడి నోట్లో ప్రెట్జెల్ నమలడం మరిచిపోయాడు.

మొదటి బంతికే డూడెక్ బ్యాట్ అడ్డం పెట్టాడు. బంతి మూడో బేస్ వైపు దొర్లింది. మూడో బేస్ కాసే కెనరీల కుర్రాడు పెల్కీ పరుగెత్తుకొచ్చి, బంతి గీత దాటేలా ఉందని చూసి, ముట్టుకోకుండా రెండు చేతులూ పైకెత్తి దాని పక్కనే నడిచాడు. సరిగ్గా చేశాడు. కొత్త వాలుకి బంతి బయటికే పోతోంది. పోతూ పోతూ సున్నపు గీతకి తగిలింది. తడి మట్టి మీద రెండు పూతల సున్నం ఎండకి బిగుసుకుని చిన్న గట్టయి కూర్చుంది. బంతి దాని మీదకెక్కి, ఒక్కసారి ఊగి, అక్కడే ఆగిపోయింది.

అంపైర్ మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. చెయ్యి మైదానం లోపలికి చూపించాడు. మూడో బేస్ మీద ఉన్నవాడు అప్పటికే హోమ్ చేరాడు. నాలుగుకి మూడు. కెనరీల చివరి ముగ్గురూ బ్యాట్ పట్టి వరసగా వచ్చారు, వరసగా వెళ్లారు. బంతి గట్టెక్కి దిగలేదు, అందుకే షేల్‌టన్ గట్టెక్కలేదు. ఆ ముక్క మంగలి షాపులో చాలా ఏళ్లు నడిచింది, కానీ హైరమ్ ఉన్నప్పుడు ఎవరూ అనేవారు కాదు.

మెక్‌గర్వీ వచ్చి గీత గీసిందెవరని అడిగాడు. నేనే అన్నాడు హైరమ్. ఇంత మందంగా ఎందుకని అడిగితే, సున్నం మిగిలిందన్నాడు. పెల్కీ బెంచీ మీద తల పట్టుకుని కూర్చుంటే, హైరమ్ వెళ్లి తప్పు నీది కాదని మూడుసార్లు చెప్పొచ్చాడు.

మర్నాడు పొద్దున ఖాళీ మైదానంలో హైరమ్ మోకాళ్ల మీద కూర్చుని, బంతిని చేత్తో గీత వైపు దొర్లిస్తున్నాడు. ప్రతిసారీ అది అక్కడే ఆగుతోంది. వెనక అడుగుల చప్పుడైంది. డూడెక్. జట్టు బస్సు రాత్రే వెళ్లిపోయిందట, తను దిగిపోయి ఊళ్లోనే ఉండిపోయాడట. చేతిలో, నిన్న భార్య కట్టిచ్చిన పియరోగీల గిన్నె ఉంది.

"ఎన్నిసార్లయింది?" అన్నాడు.

"తొమ్మిది."

"తొమ్మిదిసార్లూ గీత మీదేనా?"

"గీత మీదే. తలగీత."

డూడెక్ అతని పక్కన కూలబడ్డాడు. బంతి తీసుకుని దాని మీది సున్నం మరక వేలితో రుద్దాడు, పోలేదు.

"బాబాయ్, నిన్న వంగినప్పుడు వాలొక్కటే చూశాననుకున్నావా? కింది గీత వంకర కూడా చూశా. పైన ఇంకోటి గీశావని, అది ఆరి రాయయిందని వేలు పెట్టి చూశా."

హైరమ్ గీత మీది సున్నం గోటితో గీకాడు.

"నీ చెయ్యి వంకర పోదు. పొద్దున్న పోయిందంటే ఎవరి గురించి ఆలోచిస్తున్నావో తెలీదా నాకు? నేను వాలుని నమ్ముకుని కొట్టలేదు. ఆ వంకరని నమ్ముకుని కొట్టా."

హైరమ్ ఒకసారి స్తంభం వైపు చూశాడు. తర్వాత గిన్నె మూత తీసి, చల్లారిపోయాయిరా అన్నాడు. చల్లారినవే ఇద్దరూ తిన్నారు.

తర్వాతి ఏప్రిల్‌లో స్తంభానికి ఇరవయ్యో పూత పడింది. ఆ తాడు ఎవరూ లాగకుండానే హైరమ్ పోయాడు, యుద్ధం వచ్చాక లీగూ పోయింది. ఇప్పుడక్కడ కలప డిపో ఉంది. పాత ఆటలు చూసినవాళ్లు మాత్రం ఒక సంగతి చెబుతారు. ఆ లేబర్ డే తర్వాత హైరమ్ మూడో బేస్ గీతని ఒక్కసారే గీసేవాడట. ఒక్కోరోజు వంకర వచ్చేదట. దిద్దేవాడు కాదట.