కారపు దోసిలి

అమ్మ పోయిన రోజు ఉదయం నీళ్ల గ్లాసు ఆమె పెదవులకు ఆనించాను. తల పక్కకు తిప్పుకుని, వణుకుతున్న చేతులు రెండూ కలిపి దోసిలి పట్టింది. పోశాను. సగం నీళ్లు చీర మీద పడ్డాయి. మధ్యాహ్నానికి వెళ్లిపోయింది.

అమ్మ పేరు సంతోషమ్మ. ఓపిక ఉన్నన్నాళ్లూ చెంచయ్య గారి చేలో మిరపకాయలు కోసింది. నేను పక్క ఊరి హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను.

అమ్మ కోసం చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడిక అయ్యాక చెంచయ్య గారి అమ్మాయి శ్రీదుర్గ వచ్చింది. బెంగళూరులో ఉంటుంది, ఇంగ్లీషులో నవలలు రాస్తుంది. కొత్త నవల కుల వివక్ష మీద. పత్రికలు బాగా మెచ్చుకున్నాయి.

"మాస్టారూ, సంతోషమ్మ ఇందులో ఉంది. మా వాళ్ల తప్పులే రాశాను. నాన్న నాతో మాట్లాడటం మానేశారు" అంది. అబద్ధం చెప్పే మనిషి కాదు.

ఆమె చూపిన పేజీని మా చిన్నాన్న కొడుకు ఆదాం కోసం తెలుగులో చెప్పాను: 'కోతకు వచ్చిన ఆడవాళ్లు నీళ్లు తాగే ముందు నేలతల్లికి మొక్కుతున్నట్టు దోసిలి పడతారు. వాళ్ల పెదవులు పండు మిరపకాయల్లా ఎర్రగా మెరుస్తాయి.'

ఆదాం ఊరుకోలేదు. "మొక్కటమా? మీ నాన్న గ్లాసు ఇచ్చుంటే మాకీ మొక్కులెందుకమ్మా?"

ఆమె నా వైపు చూసింది.

"మీ గట్టు మీద బిందె ఉండేది, గ్లాసూ ఉండేదమ్మా" అన్నాను. "గ్లాసు మీవాళ్లకి. మావాళ్లకి దోసిట్లోకి ఎత్తి పోసేవాళ్లు. పొద్దుటినుంచి మిరపకాయలు కోసిన చేతులవి. వాటితో తాగితే మూతి మండుతుంది. ఆ ఎరుపు అదీ."

"చిన్నప్పుడు రోజూ చూసేదాన్ని మాస్టారూ. అందంగా అనిపించేది."

"గ్లాసు సంగతి పుస్తకంలో లేదు."

"చిన్న విషయం కదా అని... అవతల హత్య గురించి రాశాను, గుడి గొడవ రాశాను."

"హత్య మీరు చూడలేదు. గ్లాసు చూశారు."

ఆమె పుస్తకం మూసింది.

"రెండో ముద్రణలో మార్పిస్తాను" అంది.

"ముందు గట్టు మీద మార్పించు తల్లీ" అన్నాడు ఆదాం. "మావాళ్లు తాగేది అక్కడ, మీ పుస్తకంలో కాదు."

రెండో ముద్రణ వచ్చింది. ఆ పేజీ తీసి చూసి ఫోన్ చేశాను.

"ఆ వాక్యమే అందరికీ నచ్చిందటండీ. ఎడిటరు ఒప్పుకోలేదు" అంది.

కోతలు మళ్లీ మొదలయ్యాయి. చెంచయ్య గారి గట్టు మీద ఇప్పుడు బిందె బదులు వాటర్ టిన్ను ఉంది. గ్లాసు ఒక్కటే ఉంది. పుస్తకంలో ఆ వాక్యం మారలేదు. మావాళ్ల చేతికి ఇంకా ఎవరూ గ్లాసు ఇవ్వలేదు.