రేడియో మూల

సింగావూ షిప్పింగ్ ఆఫీసులో పొద్దున్నే ఎవరొచ్చినా ముందు చేసే పని గోడమీద పోటు వేళల కాగితం చూసుకోవడం. పోటు పదకొండుకుందంటే పదిన్నరకల్లా కింది సొరుగుల్లో కాగితాలన్నీ పైకెక్కేస్తాయి. చెప్పులు బల్లలమీదకి వెళ్ళిపోతాయి. మగాళ్ళు నడుముకి చుట్టుకున్న సులూలు ఎగ్గట్టుకుంటారు. ఆఫీసేమో సువా ఊరి రేవు దగ్గర వాలూ బేలో, టైర్ల కొట్టు పైన మేడమీద. కింద టైర్ల కొట్లోకి ఇంతవరకు చుక్క నీరు చేరలేదు. పైకి మాత్రం సముద్రం రోజూ వస్తుంది. కిటికీ కింద గోడా నేలా కలిసే చోట మొదలై, నెమ్మదిగా పరుచుకుని, చీలమండల దాకా వచ్చి, ఓ అరగంట ఉండి వెళ్ళిపోతుంది. రాత్రి పోటు రాదు. ఆదివారం రాదు. తాళం వేసున్న ఇంటికి ఎవరొస్తారు చెప్పండి?

నీళ్ళు పోయాక మిగిలిపోయిన చిట్టి చేపల్ని టిక్కెట్లిచ్చే ప్రేమ్‌లత ఏరి డబ్బాలో వేసుకుని పిల్లికి పట్టుకెళ్తుంది. అంతకుమించి ఆ సంగతి ఎవరూ మాట్లాడుకోరు. రోజూ వానపడే సువాలో వాన గురించి ఎవరన్నా మాట్లాడుకుంటారా, ఇదీ అంతే.

ఆ ఆఫీసుని లోపలంతా మార్చి కొత్తగా చేసే పని లైసానీకి వచ్చింది.

లైసానీకి నలభై తొమ్మిదేళ్ళు. పంతొమ్మిదేళ్ళుగా గ్రేమ్ అనే ఆస్ట్రేలియా ఆయన దగ్గర ఆఫీసులకీ హోటళ్ళకీ లోపలెలా ఉండాలో గీసిపెడుతోంది. గీసేది ఈవిడ, కింద పేరేమో ఇంకొకళ్ళది. ఈసారి గ్రేమ్ పిలిచి, "లైసానీ, ఇది నీ పేరుమీదే చెయ్యి. బాగొచ్చిందా, సువా ఆఫీసు నీ చేతిలో పెట్టి నేను సిడ్నీ వెళ్ళిపోతా. నాడీ ఊళ్ళో హోటళ్ళూ, పోర్ట్ విలా పనులూ అన్నీ నువ్వే తిరిగి చూసుకోవాలి మరి," అన్నాడు. తిరగడానికేం, రెక్కలు కట్టుకుని ఎగరమన్నా ఎగిరేట్టుంది ఆవిడ. ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

సింగావూని ఇప్పుడు నడిపేది ఎలెనోవా. కంపెనీ పెట్టిన తాతకి మనవరాలు, బ్రిస్బేన్లో చదువుకొచ్చింది, మాట గబగబా.

"అక్కా, లోపలికొచ్చినవాడికి మేం ఎవరమో తెలియాలి. మూడు తరాలుగా సముద్రం మీద బతికినవాళ్ళం. ఇదేమో చూడండి, పోస్టాఫీసులా ఉంది."

"పోస్టాఫీసు నయం," అంది ఇనప జాలీ వెనకాల నుంచి ప్రేమ్‌లత. "ఇది పోలీస్ స్టేషన్. నేను లాకప్‌లో."

అన్నదాన్లో తప్పేం లేదు. ఆకుపచ్చ ఆయిల్ పెయింటు, జాలీ, గర్రుమనే ఫ్యాను. లైసానీ రెండు నెలలు కూచుని మనసు పెట్టి గీసింది. తాత మొదటి ఓడ డెక్కు పలకలు ఏ షెడ్డులోనో పడుంటే తెప్పించి కౌంటరుకి వేయించింది. పైకప్పుకి పడవ పక్కటెముకల్లా వంపు బద్దలు. ఒక గోడ గోడంతా ఓడ తాళ్ళతో దారుల పటం, కదావు, కోరో, లకెంబా, ఓడ ఆగే ప్రతి దీవి దగ్గరా ఓ ముడి. నేలకి ఉప్పుకి పాడవని రాయి, ప్లగ్గులన్నీ మోకాలికి పైన, బీరువాలకి పొడుగు కాళ్ళు. పోటు ఎక్కడిదాకా వస్తుందో ప్లానులో నీలం పెన్సిల్‌తో గీత గీసుకుంది.

కుర్చీల లెక్క ఎలెనోవా ఇచ్చింది, ఇరవై మూడని. "కిటికీ దగ్గర రేడియో మూల తీసేసి అక్కడో పెద్ద తెర పెట్టండక్కా. మా ఓడలు ఎక్కడెక్కడున్నాయో వచ్చినవాళ్ళకి కనపడాలి." సరేనని లైసానీ రాసుకుంది. ఆ పనిలో ఉన్నవాళ్ళు కుర్చీలే లెక్కేసుకుంటారు. ఎవరు కూచుంటారు, ఎవరు లేస్తారు అన్నది కంపెనీవాళ్ళ గొడవ.

ఆ మూలలో కూచునేది మాత్రం ఎవరో కాదు, లైసానీ సొంత మేనమామ అపిసాయ్. ముప్పై ఎనిమిదేళ్ళుగా అదే మూలలో రేడియో ముందర కూచుని ఓడలతో మాట్లాడుతున్నాడు. మావయ్య ఆ ఇరవై మూడుమందిలో ఉంటాడులే, రేడియో పోతే ఇంకో బల్ల ఇస్తారులే అనుకుంది. అడగలేదు. తెలిసిన సంగతిని ఎవరడుగుతారు?

అయినా పెద్దాయనకి చూపించకుండా ఎలాగని ఓ ఆదివారం చర్చి అయ్యాక లామీలో ఆయనింటికెళ్ళింది. కొబ్బరిపాలల్లో ఉడికించిన చేప, కర్రపెండలం తిన్నారు. తిన్నాక చాపమీద ప్లాను పరిచింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి, తలుపు దగ్గర్నుంచి ఒక్కో అడుగూ నడిచినట్టు చూసుకుంటూ వచ్చాడు. వేలు కిటికీ దగ్గర ఆగింది.

"ఇది నా మూల కదమ్మా?"

"అవును మావయ్యా. అక్కడ తెర వస్తుంది."

"నువ్వే గీశావా?"

"నేనే. నా పేరుమీదే."

ఆయన వేలు అక్కడే ఉంచాడు. "ఆ చోటు నీకు కావాలా?"

"కావాలి మావయ్యా. అది లేకపోతే డిజైనంతా కూలబడిపోతుంది."

ఆయన కళ్ళజోడు తీసేసి, వాళ్ళ ఆచారం ప్రకారం రెండు చేతులూ దొప్పల్లా చేసి మూడుసార్లు గట్టిగా చప్పట్లు కొట్టాడు. "తీసుకోమ్మా," అన్నాడు. మావయ్య దీవించాడని లైసానీ పొంగిపోయింది. బస్సులో ఇల్లు చేరేదాకా ముఖంలో నవ్వు పోలేదు.

బుధవారం ప్రారంభం. పాస్టరుగారొచ్చి ప్రార్థన చేశారు. యంగోనా వేర్ల పొడి నీళ్ళలో కలిపి కొబ్బరిచిప్పలతో అందరికీ ఇచ్చారు. లైసానీ మెడలో మూడు దండలు. పదింటికి పోటొచ్చి కొత్త రాతినేల మీద పరుచుకుంటే, ఆ వంపు బద్దల నీడలు నీళ్ళలో కదులుతుంటే, నిజంగా ఏదో పెద్ద పడవ కడుపులో నిలబడ్డట్టే ఉంది. వచ్చినవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. "ఇదే మేం!" అని ఎలెనోవా కనపడ్డవాళ్ళందరికీ చెప్తోంది.

లైసానీ కళ్ళు మావయ్యని వెతుకుతున్నాయి. ఎక్కడా లేడు.

"అపిసాయ్ మావయ్య ఏడీ?" అని ప్రేమ్‌లతని అడిగింది.

ప్రేమ్‌లత ఆవిడని పైనుంచి కిందిదాకా చూసింది. "ఆయనెందుకొస్తారు? నిన్నటినుంచి ఉద్యోగం లేదుగా."

"లేకపోవడమేంటి?"

"ఇరవై నాలుగుమందిమి, ఇరవై మూడు కుర్చీలు. ఎలెనోవా మేడమ్ శుక్రవారం పిలిచి చెప్పారు. మేమంతా మీరెళ్ళి మాట్లాడండి, మీ మేనకోడలే కదా గీసింది అన్నాం. ఆయనేమో, 'అది నాకు వసూ. అడిగింది, ఇచ్చాను, ఇంక మాటేంటి' అన్నారు. మీకు తెలీనట్టు అడుగుతున్నారేంటి?"

లైసానీకి దండలు మెడకి ఉరి బిగించినట్టయ్యాయి. వసూ అంటే ఏంటో ఆవిడకి ఒకరు చెప్పాలా? అక్కడ మేనమామ ఇంట్లో ఏ వస్తువు కావాలన్నా వసూ, అంటే మేనకోడలో మేనల్లుడో, తీసుకోవచ్చు, కాదనడానికి మేనమామకి నోరు లేదు. ఆరేళ్ళప్పుడు ఆయన పందెపు పుంజుని చంకలో పెట్టుకుని నడిచొచ్చేసింది. పదేళ్ళప్పుడు కొత్త తెడ్డు. అదంతా చిన్నప్పటి ఆటనుకుంది. నలభై తొమ్మిదేళ్ళొచ్చాక, పెన్సిల్ చేత్తో పట్టుకుని, 'కావాలి మావయ్యా' అని తన నోటితో తానే అంది. మనిషి బతుకునే అడిగి తీసుకుంది.

కొయ్యబారి నిలబడ్డ ఆవిడకి ఇంకో సంగతి తెలిసింది. చీలమండలు ఇంకా నీళ్ళల్లోనే ఉన్నాయి. పదకొండైంది. పన్నెండైంది. నీళ్ళు పోలేదు.

సాయంత్రానికీ పోలేదు. గురువారం పోటు దానిమీదే వచ్చి కూచుంది, మోకాళ్ళు దాటింది. సింగావూవాళ్ళ మొహాల్లో నెత్తురు చుక్క లేదు. రావడం ఎప్పుడూ వింత కాదు వాళ్ళకి. పోకపోవడం చూసి బిక్కచచ్చిపోయారు. పంపులు తెచ్చి పెట్టారు. పంపు తోడుతూనే ఉంది, నీళ్ళు అంగుళం తగ్గలేదు. కిందకి టైర్ల కొట్లోకి చుక్క కూడా దిగలేదు. టిక్కెట్ల మిషన్ తడిసి ఆగిపోయింది. రేవులో రెండు ఓడలు, గట్టుమీద మూటలతో జనం.

"అపిసాయ్ గారు నీళ్ళు తిరిగే వేళకి ఏదో అనేవారు," అంది ప్రేమ్‌లత. "రోజూ అనేవారు. రేడియోలోనేమో అనుకునేదాన్ని."

ఎలెనోవా కౌంటరెక్కి నిలబడి, "వెళ్ళిపో, దయచేసి వెళ్ళిపో," అని నీళ్ళకి దండం పెట్టింది. నీళ్ళు కదలలేదు.

శుక్రవారం పొద్దున్నే లైసానీ బజార్లో ఓ కట్ట యంగోనా వేర్లు కొని లామీ బస్సెక్కింది. మావయ్య గుమ్మంలోనే కూచునున్నాడు. పక్కన కుట్టు ఊడిన, బట్టలు కుక్కిన సంచీ. ఆవిడ చాపమీద మోకాళ్ళమీద కూచుని, వేర్లు ఆయన ముందర పెట్టి ఏడ్చింది.

"తెలీక అడిగాను మావయ్యా. నీ చోటు నీకిచ్చేస్తాను. తీసుకో."

"ఇచ్చేస్తావా?" ఆయన నిజంగానే అదిరిపడ్డాడు. "ఏ ఊళ్ళో నేర్చుకున్నావే ఇది? వసూ తీసుకున్నది మళ్ళీ తెచ్చిస్తుందా ఎక్కడన్నా? ఆ పుంజుని తెచ్చిచ్చావా నువ్వు?"

"నీళ్ళు పోవట్లేదు మావయ్యా!"

"ఎలా పోతాయి? ఇంటికి చుట్టం వచ్చాడు, కూచున్నాడు, ఇంక లేస్తానన్నాడు. మంచిది, వెళ్ళిరా అనే పెద్దమనిషి ఇంట్లో ఉండద్దూ? చెప్పకుండా లేచిపోవడానికి సముద్రమేమన్నా మర్యాద తెలీనిదా?"

"అయితే నువ్వొచ్చి చెప్పు."

"ఆ చోట్లో ఉన్నవాళ్ళు చెప్పాలి. చోటు నీది."

లైసానీ ఆయన మొహం చూసింది. అందులో కోపం లేదు. బాధా లేదు. పట్టుబడ్డ పిల్లాడి మొహంలా ఉంది.

"ముప్పై ఎనిమిదేళ్ళు," అన్నాడు ఆయన మెల్లిగా. "ఒక్క రోజు మానలేదమ్మా. మనూరు కదావు వెళ్ళి రావాలంటే ఓడలో నాలుగు రోజులు. మీ అమ్మని అక్కడ మట్టిచేసిన రోజు నేనెక్కడున్నాననుకున్నావు? ఆ మూలలోనే. నీళ్ళకి సెలవిచ్చి, తల ఆ బల్లమీద పెట్టి ఏడ్చాను. ఎవరికన్నా ఇద్దామంటే అడగందే ఇవ్వకూడదు. ఎవరూ అడగలేదు. నువ్వడిగావు."

ఎనిమిదేళ్ళు. సొంత అక్క పోతే రాని మనిషని ఎనిమిదేళ్ళుగా లోపల ఎక్కడో కుళ్ళుకుంటూనే ఉంది లైసానీ. ఆ సంచీ ఎక్కడికో అప్పుడర్థమైంది. ఆవిడ నిలువునా నీరైపోయింది.

"నేను నాడీ వెళ్ళాలి మావయ్యా," అంది ఎలాగో. "నా పేరుమీద ఆఫీసిస్తామన్నారు."

"వెళ్ళమ్మా," అన్నాడు. "వద్దన్నానా?" వెళ్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. నీళ్ళకి చెప్పాల్సిన మాటలు నేర్పించాడు. పెద్దగా ఏం లేవు, నాలుగే.

ఆఫీసుకి చేరేసరికి మూడో పోటు కూడా వచ్చి కూచుంది. నీళ్ళు నడుం దాకా ఉన్నాయి. తాళ్ళ పటం దీవులతో సహా తేలుతోంది. ఇరవై మూడుమందీ బల్లలెక్కి కూచుని ఆవిడకేసే చూస్తున్నారు. లైసానీ నీళ్ళలో నడిచి కిటికీ దగ్గరికెళ్ళింది. పెద్దల మాట నిలబడి చెప్పేది కాదు. కింద కూచుంది. నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. చేతులు పైకెత్తి మూడుసార్లు చప్పట్లు కొట్టి, నోట్లోకి ఉప్పు పోతుంటే, మావయ్య నేర్పిన మాటలు అంది. వచ్చావు, మా దగ్గర కూచున్నావు, మాకు సంతోషం, ఇంక వెళ్ళిరా.

కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒళ్ళో ఎవరో పడుకుని లేచినట్టు బరువు దిగింది. భుజాలు బయటికొచ్చాయి. మోకాళ్ళు బయటికొచ్చాయి. నీళ్ళు ఆవిడ వెనక నుంచి, గోడలోకి, తొక్కిసలాట లేకుండా వెళ్ళిపోయాయి.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఊపిరి పీల్చుకున్నారు, బల్లలు దిగారు. ప్రేమ్‌లత తడి మిషన్ని పక్కకి నెట్టి, చేత్తో రాసే పాత పుస్తకం తీసి, లైసానీ చెబితే మొదటి టిక్కెట్టు రాసింది, అపిసాయ్, కదావు, ఒకరు. ఎలెనోవా ఎక్కడ్నుంచో ఇరవై నాలుగో కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చి తన గౌను అంచుతో తుడుస్తోంది.

అప్పుడు ఫోను మోగింది. గ్రేమ్.

"ఫోటోలు చూశాను లైసానీ, అదిరిపోయింది! సువా ఆఫీసు నీది. సోమవారం రెండింటికి వచ్చెయ్యి, సంతకాలు చేద్దాం. మంగళవారం నాడీ."

"సోమవారం రెండుంబావుకి నీళ్ళు తిరుగుతాయి గ్రేమ్," అంది లైసానీ. "రాలేను."

తన నోట్లోంచి వచ్చిన మాట విని తానే ఉలిక్కిపడింది. వెనక్కి తీసుకుందామని చూసింది. మాట వెనక్కి రాలేదు.

"సరే, మంగళవారమన్నా..."

"మంగళవారం మూడింటికి."

"ఎన్నాళ్ళిలా?"

లైసానీ జుట్టు పిండుకుంటూ, ఎలెనోవా జరిపిన కుర్చీలో కూచుంది.

"తెలీదు గ్రేమ్. ఎవరన్నా వచ్చి అడగాలి."