ఐదు నిమిషాల ముందే

పసుపు దారం ఉందో లేదో, ఉండాలి, డబ్బా అడుగున ఎక్కడో ఉండాలి, అయినా ఇప్పుడు దానితో పనేముంది, చేతిలో ఉన్నది ఎవరిదో బడి లాగు, దానికి కావలసింది బూడిదరంగు, అనుకుంటూ ఆమె కుట్టుమిషను చక్రాన్ని అరచేత్తో ఆపింది, ఎందుకంటే కిటికీలోంచి వచ్చే హోరు ఉన్నట్టుండి సన్నబడింది, అలా సన్నబడిందంటే బంతిని మూలన పెట్టారన్నమాట, కార్నర్, మనవాళ్ళదే, ఏటి అవతలి ఒడ్డువాళ్ళదైతే ఈలలు వచ్చేవి, మ్యాచ్ ఉన్న రోజల్లా ఫుట్‌బాల్ మైదానానికి వీపు పెట్టి కూర్చోబట్టి పదమూడేళ్ళయినా చెవులు మాత్రం అటే ఉంటాయి, ఆయన నేర్పిన చదువు మరి, పెళ్ళయిన కొత్తలో గ్యాలరీలో పక్కన కూర్చోబెట్టుకొని, కళ్ళు మూసుకో, ఇప్పుడేమైందో చెప్పు చూద్దాం, అని పరీక్షలు పెట్టేవాడు, బళ్ళో ఏడో తరగతి దాటలేదు గానీ ఆ పరీక్షల్లో మాత్రం నూటికి నూరు, ఎడమవైపు పరిగెత్తే పొట్టివాడంటే తనకి ఎంత ఇష్టమో, వాడి కాలికి బంతి అందితే కూర్చోలేకపోయేది, ఇప్పుడు ఆ గ్యాలరీలో కూతురుంది, పంతొమ్మిదేళ్ళది, గోడ గడియారంలో నాలుగూ నలభై రెండు, ఆట అయిపోవటానికి ఇంకో ఐదు నిమిషాలు.

ఐదు నిమిషాలు, ఎందుకన్నాను ఆ మాట, మధ్యాహ్నం పిల్ల పసుపు చొక్కా వేసుకొని చెప్పులు తొడుక్కుంటుంటే గుమ్మంలో నిలబడి, ఫోను చేతిలోనే పెట్టుకో, మెట్ల దగ్గర కమ్మీ పట్టుకో, అవతలి ఒడ్డు ఎర్రచొక్కాల వాళ్ళతో నోరు పారేసుకోకు, మంచినీళ్ళు తాగు, అని ఏకరువు పెట్టి పెట్టి, చివర్న, జనం లేవకముందే, అయిపోవటానికి ఐదు నిమిషాల ముందే బయల్దేరి వచ్చెయ్, అనేసింది, అలవాటైన నోరు, అని నాలుక కరుచుకుంది, నువ్వు భయపడటానికి పుట్టావు, నేను అరవటానికి పుట్టాను, ఎవరి పని వాళ్ళం చేసుకుందాం అమ్మా, అని పిల్ల నవ్వుకుంటూ మెట్లు దిగిపోయింది, సరేనందా, అనలేదా, గుర్తు రావటం లేదు, ఆయన మాత్రం సరే అన్నాడు, అచ్చం ఇదే గుమ్మంలో, ఇదే మాటకి, ఆరేళ్ళ పిల్లని చంకన వేసుకొని తను చెప్పింది, ఆయన ఇచ్చిన మాట తప్పడు, అదొక రోగం ఆయనకి, సరిగ్గా ఐదు నిమిషాల ముందు లేచాడట, గ్యాలరీలో ఆయన పక్కన కూర్చున్న ఎలక్ట్రీషియన్ తమ్ముడు తర్వాత చెప్పాడు, ఉండిపోదాం అన్నాను వదినా, మాటిచ్చాన్రా అన్నాడు, సగం మెట్లు దిగాడు, అప్పుడు పడింది గోలు, మనవాళ్ళదే, దిగేవాళ్ళంతా వెనక్కి తిరిగి పైకి ఉరికారు, పైనున్నవాళ్ళు సంతోషం పట్టలేక కిందికి వచ్చారు, మధ్యలో ఆ మెట్లు.

ఆసుపత్రి గదిలో ఆయన ముఖం చూపించలేదు, చూడకపోవటమే మంచిదమ్మా అన్నారు, చొక్కా తెచ్చి బల్ల మీద పరిచారు, చంక కింద చిరుగు, వారం కిందట పసుపు దారం అయిపోతే నీలంతో కుట్టేసింది, ఎవరు చూస్తార్లే అని, దర్జీదానివి నీ మొగుడి చొక్కాకే ఇంత అన్యాయమా అని ఆయన ఎగతాళి చేశాడు కూడా, ఆ నీలం కుట్టు చూసి, అవునండీ, మావారే, అంది, అప్పటినుంచీ పిల్ల తొడుక్కునే ప్రతి బట్టకీ చంక కింద నాలుగు నీలం కుట్లు, ఎందుకే అమ్మా ఇవి అని చిన్నప్పుడు అడిగితే, మిఠాయి డబ్బా మీద కొట్టువాడు పేరు వేసుకోడూ, అలా ఇది నా గుర్తు, అని చెప్పింది, ఆయన పోయినప్పటినుంచీ అవతలి ఒడ్డువాళ్ళ మీద మనవాళ్ళు గెలవనూ లేదు, ఓడినప్పుడల్లా ఊరు తల వంచుకొని నెమ్మదిగా ఇళ్ళకి నడుస్తుంది, ఓడిన జనం ఎవరినీ తొక్కరు, అందుకే పదమూడేళ్ళుగా పైకి అనకుండా లోపల్లోపల వాళ్ళ గెలుపే కోరుకుంది, ఇవాళా అదే కోరుకుంటూ లాగు అంచు మడిచింది, అంతలో కిటికీ బద్దలైనట్టు హోరు, అది ఏ హోరో చెవికి తెలుసు, కాళ్ళకి తెలుసు, లాగు కింద పడింది, గోల్, అని ఎవరో అరిచారు, తనే, లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తి, ఛీ, అని చేత్తో నోరు మూసుకుంది, గోడ అవతల కండక్టర్ బాబాయి టీవీలో ఇంకా కార్నర్ దగ్గరే ఉన్నారు, టీవీ ఎప్పుడూ నాలుగు క్షణాలు వెనక, ఆ నాలుగు క్షణాలూ ఈ వీధిలో ఆ గోలు తనొక్కదానిదే, తర్వాత గోడ దభదభలాడింది, ఏమ్మాయ్, టీవీలో పడకముందే మీ ఇంట్లో పడిందేంటి గోలు, అని బాబాయి నవ్వు.

నాలుగూ నలభై మూడు, అంటే పిల్ల ఎక్కడుంటుంది, మాట విని ఉంటే సగం మెట్ల మీద, దేవుడా వినకపోతే బాగుండు, పుట్టినప్పటినుంచీ ఏ మాటా వినని పిల్ల, ఈ ఒక్కటి విని చావదు కదా, అయ్యో ఏం మాట అది, చెంపలు వాయించుకొని ఫోను చేసింది, మోగి మోగి ఆగిపోయింది, మళ్ళీ మోగి ఆగిపోయింది, కీడెంచి మేలెంచమన్నారు, కీడెంచటం దగ్గరే బతుకంతా అయిపోయింది, మేలు వంతు ఎప్పుడొస్తుందో, వీధిలో కార్లు హారన్లు మోగిస్తున్నాయి, ఒక సైరన్ కూడా, అది అటా ఇటా, అటే పోయింది, బాబాయి గుమ్మంలోకి వచ్చి, పదమూడేళ్ళు అమ్మాయ్, పదమూ, అని ఆమె మొహం చూసి మిగతా మాట మింగేశాడు, పిల్ల వెళ్ళిందా, అన్నాడు మెల్లగా, ఉండు, నేనిక్కడే కూర్చుంటా, అని స్టూలు లాక్కొని, రిటైరైనా చేతికి అలవాటు పోక జేబులోంచి తీసిన కాగితం ముక్కని టికెట్టులా మడుస్తూ విప్పుతూ కూర్చున్నాడు, ఐదయింది, ఐదుంబావు, ఐదున్నర, కళ్ళ ముందు ఏదో గది, ఏదో బల్ల, బల్ల మీద పసుపు చొక్కా, ఎవరో దాని చెయ్యి ఎత్తి చంక కింద చూపిస్తున్నారు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు, రెండేసి మెట్లు ఎక్కే ఆ దుడుకు చప్పుడు ఇంట్లో ఒక్కదానిదే, పిల్ల లోపలికొచ్చింది, గొంతు పూర్తిగా పోయింది, గాలి మాత్రం వస్తోంది, చూశావా తాతా ఆ హెడ్డరు, అని బాబాయితో గుసగుస, ఆయన, చూశాను గానీ ముందు మీ అమ్మకి ఊపిరి పొయ్యవే తల్లీ, అని లేచి వెళ్ళిపోయాడు, ఎప్పుడు లేచావ్, అని మాత్రం అడగగలిగింది, లేవలేదమ్మా, గ్యాలరీ అంతా ఖాళీ అయ్యేదాకా కూర్చున్నా, తిడితే తిట్టు, నాన్న ఎందుకు ముందు లేచాడో ఎలక్ట్రీషియన్ బాబాయి నాకెప్పుడో చెప్పాడు, అంది పిల్ల ఆమె కళ్ళలోకి చూడకుండా, ఆ తమ్ముడు చెప్పాడన్నమాట, ఎప్పుడో, అంటే ఇన్నేళ్ళూ తెలిసే ఆ గుమ్మంలో తను చెప్పే జాగ్రత్తలన్నీ నవ్వుతూ విన్నదన్నమాట, ఈలోగా పిల్ల చొక్కా మార్చుకొని వచ్చి మిషను మీద పడేసింది, ఎగిరి ఎగిరి చంక పిగిలిపోయింది, కుట్టిపెట్టు, వచ్చే వారం మళ్ళీ వెళ్ళాలి, నీ గుర్తు కూడా తెగిపోయింది చూడు, అని నీళ్ళు తాగటానికి వెళ్ళింది, ఆమె చెయ్యి దానంతటదే నీలం రీలు మీదికి పోయి అక్కడ ఆగింది, చొక్కా మిషను మీద పరుచుకొని ఉంది, ఇందాక కళ్ళ ముందు బల్ల మీద ఎలా పరుచుకుందో అలాగే, పిల్లకి కాపలా అనుకొని ఈ దారాన్ని ఎన్ని బట్టలకి కుట్టింది, బడి గౌన్లకి, రాత్రి చొక్కాలకి, ఇది పిల్ల కాలు జారకుండా ఆపే దారం కాదు, జారాక పోల్చుకోవటానికి దాచుకున్నది, పదమూడేళ్ళుగా బిడ్డ ఒంటి మీద ఆ గదిని తన చేత్తో తనే కుడుతూ వచ్చింది, డబ్బా బోర్లించింది, గుండీలు దొర్లాయి, అట్టడుగున పసుపు రీలు, ఆయన పోయిన వారానికే కొన్నది, కాగితం కూడా విప్పలేదు, విప్పి, దారం కొస తడి చేసి, సూదిలోకి ఎక్కించింది.