రెండో వైపు ఆఖరి పాట

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక మా ఊళ్ళో ఎవరూ తిన్నగా ఇంటికి పోరు, ఫెలిమ్ కొట్టుకు పోతారు. పాలు, పేపరు కొంటారు, వానను నాలుగు తిట్లు తిడతారు. అప్పుడు ఫెలిమ్ బల్ల వెనకున్న ప్లేయరు మీద ‘ఆటుపోట్లు’ రికార్డు పెడతాడు. సముద్రం అవతల గ్లాస్గోలో ఉన్న మా ఊరి డింప్నా ఎలా ఉందో తెలియాలంటే మాకు అదొక్కటే దారి.

మా డొనెగాల్ జిల్లా దాటితే ఆ రికార్డు ఎవరికీ తెలియదు. డెబ్బై నాలుగులో అక్కచెల్లెళ్ళు అట్రాక్టా, డింప్నా చర్చి హాల్లో చేతులు పట్టుకుని, వాయిద్యమన్నది లేకుండా పాడారు. వేసిందే రెండొందల ప్రతులు, సగం మా ఊరి బీరువాల్లోనే ఉన్నాయి. వాళ్ళతో పాటే రికార్డులో వాళ్ళ గొంతులకూ వయసొస్తుంటుంది. డింప్నాకు జలుబు చేస్తే రికార్డు తుమ్ముతుంది. ఆమె పళ్ళు కట్టించుకున్నాక ఆర్నెల్ల పాటు ప్రతి పాటలోనూ ఈల వినబడింది. ఆ పళ్ళ డాక్టరు చేతులు పడిపోనని మా అమ్మ తిట్టింది కూడా.

ఉత్తరాలు రాసుకోవచ్చు కదా అంటే, రాసుకోరు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ ఇద్దరికీ మాటల్లేవు.

మా వైపు ప్రతి పాటా ఒక మనిషి సొత్తు. రెండో వైపు ఆఖరి పాట, పడవ కోసం ఎదురుచూసే ఆడదాని పాట, వాళ్ళమ్మ పోతూ పోతూ డింప్నాకు ఇచ్చింది. ఆమె ఉన్న గదిలో అది ఇంకెవరూ ఎత్తుకోకూడదు. పాట నడిపే పై గొంతు డింప్నాది, అట్రాక్టా అయినా సరే, కింది శ్రుతిలో కింది గొంతు కలపాలంతే. వాళ్ళ నాన్న పోయి, ఊరంతా శవం చుట్టూ కూర్చుని పాడుతున్న రోజు గ్లాస్గో పడవ ఆలస్యమైంది. చెల్లెలు ఇక రాదులే అనుకుని అట్రాక్టా ఆ పాట తనే ఎత్తుకుంది. రెండో చరణంలో తలెత్తి చూస్తే గుమ్మంలో డింప్నా, చేతిలో తడిసిన పెట్టె. అటే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

అట్రాక్టా మళ్ళీ పాడలేదు. ఆదివారాలు కొట్టులో బంగాళాదుంపల బస్తా పక్కన నిలబడి చెల్లెల్ని వింటుంది. ఆ గంట కోసమే ఆమె వారమంతా బతుకుతుందని మా అందరికీ తెలుసు.

ఈ చలికాలం డింప్నా గొంతు గీరుకుపోతూ వచ్చింది. మార్చిలో రెండో ఆదివారం ఆ గొంతు అసలు లేదు. ఆఖరి పాటలో పై గొంతు ఉండాల్సిన చోట ఏమీ లేదు, కింద అట్రాక్టా గొంతు ఒక్కటే నడుస్తోంది. మగాళ్ళు టోపీలు తీశారు.

"టోపీలు పెట్టుకోండి," అంది అట్రాక్టా. "పోతే కబురు రాదా?"

"ఎవరికి పంపాలో అక్కడ తెలిసి ఏడవాలి కదా," అని గొణిగాడు ఫెలిమ్. తర్వాత కాస్త మెత్తబడ్డాడు. "పాట కూడా పోతుంది, అట్రాక్టా. నీకు మొత్తం వచ్చు. ఆమె చోట నువ్వు పాడావంటే రికార్డు పట్టుకుంటుంది. పాటైనా మిగులుతుంది."

"ఒకసారి తొందరపడ్డాను. చాలు."

"మరి ఇలా నిలబడి చూస్తుంటావా?"

"సూది మళ్ళీ పెట్టు."

పెట్టాడు. మేం పాటకు ముందు అది ఎవరిదో చెప్తాం. "ఇది మా చెల్లెలు డింప్నా పాట," అని చెప్పి అట్రాక్టా కళ్ళు మూసుకుంది. కింది గొంతు మాత్రమే పాడింది. పై చోటు చెల్లెలికని వదిలేసింది. పాడేవాళ్ళ చెయ్యి పట్టుకుని పాటతో పాటు మెల్లగా తిప్పడం మా అలవాటు. పట్టుకునేవాళ్ళు లేకపోయినా ఆమె చెయ్యి చాచి తిప్పుతూనే ఉంది. మొదటి చరణం అలాగే అయిపోయింది. నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోడానికి సిగ్గేం లేదు.

రెండో చరణానికి పై గొంతు వచ్చింది. అరిగిపోయిన గొంతు, రికార్డులోంచి కాదు, గుమ్మంలోంచి. డింప్నా పెట్టె కింద పెట్టి, లోపలికొచ్చి, ఆ చాచిన చెయ్యి అందుకుంది. పాట అయ్యేదాకా వదల్లేదు.

"రికార్డులో నువ్వు లేవు," అంది అట్రాక్టా. "చచ్చిపోయావనుకున్నాను."

"మిగిలిన గొంతంతా ఈ పాట కోసం దాచి తెచ్చుకున్నాను కదక్కా, ఇంక అందులో ఎక్కడుంటుంది?" అంది డింప్నా. "నా దగ్గరా ఒక ప్రతి ఉంది. ఈ పాట దగ్గరికొచ్చేసరికి నీ గొంతు వణుకుతుంది. ముప్పై ఏళ్ళు విన్నాను, మొండికేశాను. ఇందాక గుమ్మంలో ఆగింది నువ్వేం చేస్తావో చూద్దామనే. నువ్వు మళ్ళీ నా పాట ఎత్తుకుని ఉంటే, వచ్చిన బస్సే ఎక్కి పోయేదాన్ని."

"ఉండిపోవే."

"గురువారం ఆపరేషను. గొంతు తీసేస్తారు. అయ్యాక వస్తాను. ఎదురు మాట్లాడలేను, నీ పంట పండింది."

డింప్నా మా వైపు తిరిగింది. "మీరంతా సాక్షులు. ఈ పాట ఇవాళ్టి నుంచి మా అక్కది."

ఏప్రిల్‌లో వచ్చింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు, పలక మీద రాసుకుని పోట్లాడుకుంటున్నారు. మేం ఇప్పటికీ ఆదివారం రికార్డు పెడతాం. అందులో ఇప్పుడు ఆఖరి పాట అట్రాక్టాయే ఎత్తుకుంటుంది, గొంతు వణకడం లేదు. కింది గొంతు లేదు. చెవి దగ్గరగా పెడితే మాత్రం, డింప్నా ఆమె చెయ్యి పట్టుకుని తిప్పుతుంటే ఉన్ని చొక్కా చేతులు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు వినిపిస్తుంది.