మొగుడూ పెళ్లాల మధ్య లైసెన్సు

“ఖాళీగానే ఉన్నావుగా, ఈ కాగితం మీద ఒక సంతకం పడెయ్” అన్నాడాయన. అప్పుడామె ఆయన చొక్కా కాలరే ఇస్త్రీ చేస్తూ, ఒక కన్ను స్టవ్ మీది పాలకి అప్పగించి ఉంది. ఆ ఇంట్లో ఖాళీ అంటే అదే.

ఆస్పత్రుల్లో రోగులకి వరస నంబర్లిచ్చే ప్రోగ్రాం ఒకటి రాసిందామె. మూడేళ్లు, వంటకీ వంటకీ మధ్య, తడిచేతులు తుడుచుకుంటూ. రాసి నెట్‌లో అందరికీ తెరిచిపెట్టింది. వాడుకోండి, మార్చుకోండి, అమ్ముకున్నా సరే. కానీ ఇంకొకరి చేతికిస్తే లోపలి కోడ్ కూడా ఇవ్వాలి, మీకున్న హక్కే వాళ్లకీ ఉండాలి, రాసినవాళ్ల పేర్లు చెరపకూడదు. అంతే షరతు, అదే దాని లైసెన్సు. అది చూసే ఎక్కడెక్కడివాళ్లో ముగ్గురు, ఒక నర్సు, ఒక టీచరు, ఒక మందులషాపు ఆవిడ, అందులో తప్పులు దిద్దిపెట్టారు.

ఆయన దానికి రంగు మార్చి, నలుగురి పేర్లూ చెరిపి, లోపలి కోడ్ ఎవరికీ కనపడకుండా తాళం వేసి, తన కంపెనీ సరుకని ఒక పెద్దాస్పత్రికి అమ్మేశాడు. లోపలేముందో చదివే ఓపిక ఆయనకెక్కడిది? పరీక్షకని ఆమె ఎప్పుడో రాసి మర్చిపోయిన మెసేజొకటి అలాగే ఉండిపోయింది. జనం కిక్కిరిసిన సోమవారం పొద్దున, హాల్లో గోడంత తెరమీద పడింది: “కాస్త ఆగండి, మా అత్తగారు పిలుస్తున్నారు.”

రోగులు నవ్వారట. సూపరింటెండెంటు నవ్వలేదు. “ఎవరి అత్తగారయ్యా? లోపలి కోడ్ చూపించు” అని పట్టుకున్నాడు. అందుకే ఈ కాగితం: ప్రోగ్రాం మొత్తం కంపెనీదేననీ, షరతులేవీ లేవనీ.

“మొగుడూ పెళ్లాల మధ్య లైసెన్సేంటే?”

“అందులో నలుగురి చెయ్యి ఉందండీ. మిగతా ముగ్గురికీ మీరు మొగుడు కారుగా.”

“మొగుడడిగితే గీకిపారెయ్యక ఏంటమ్మా ఆ సణుగుడు?” గదిలోంచి అత్తగారు.

“అత్తయ్యా, మీరు గీసిన గౌను కత్తిరింపు కాగితం పక్కింటావిడకి ఊరికే ఇచ్చి, ఎవరడిగినా నువ్వూ ఇవ్వాలన్నారు కదా. ఆవిడ నా సొంతమని బీరువాలో పెట్టుకుంటే?”

“జుట్టు పట్టుకు ఈడ్చనూ!” అంటూ బయటికొచ్చిన అత్తగారు ఠక్కున ఆగి కొడుకు వంక చూసింది. “ఒరే, నువ్వు చేసింది అదేనా?”

ఆయన గొంతు తగ్గించాడు. “కోడ్ ఇచ్చేస్తే ఇంక మనకేం మిగుల్తుందే?”

మనకి! కంప్యూటర్ ముందు కూర్చుని ఏం ఉద్ధరిస్తున్నావని అడిగిందీ ఈ నోరే. ఇన్నేళ్లూ వండింది, ఉతికింది, ఇస్త్రీ చేసింది, అన్నీ పేరు లేకుండానే ఆ ఇంట్లో కలిసిపోయాయి. తన పేరు చెప్పమని ఆమె అడగలేదు, వాళ్లు చెప్పలేదు. జీవితం మొత్తమ్మీద షరతు పెట్టి ఇచ్చింది ఇదొక్కటే. దాన్నీ ఊరికే వదిలేస్తే తనకి తానే ఏమని చెప్పుకోవాలి?

ఇస్త్రీపెట్టె కట్టేసి, చొక్కా మడతపెట్టి, సంతకం పెట్టని కాగితం దాని జేబులోకి తోసి ఆయనకిచ్చింది. ఫోన్ అందుకుంది.

“సూపరింటెండెంటు గారేనాండీ? మీ ప్రోగ్రాంకి అసలు కోడ్ అందరికీ తెరిచే ఉంది, ఎక్కడో చెప్తాను. మార్చిన కోడ్ కంపెనీని అడగండి, అది మీ హక్కు.”

“తమరు ఎవరి తాలూకమ్మా?”

“ఎవరి తాలూకూ కాదండీ. రాసినదాన్ని.”