రెండో సిలిండరు

మూడో ప్లగ్గు వైరు పీకగానే ఇంజను కుంటింది. సదాశివ దాన్ని మళ్ళీ తొడిగి, పక్కనున్న రెండో వైరు పీకాడు. ఏ మార్పూ లేదు. బానెట్టు ఇందాక ఎలా వణికిందో ఇప్పుడూ అలాగే వణుకుతోంది. అంటే నాలుగు సిలిండర్లలో రెండోది ఉన్నా లేనట్టే. దాని భారం కూడా మిగతా మూడే మోస్తున్నాయి.

"దొరికినవ్ బిడ్డా," అన్నాడు ఇంజనుతో.

సదాశివకు అరవై దాటాయి. బక్క మనిషి. ఏళ్ళ తరబడి బానెట్ల మీదికి వంగి వంగి కుడి భుజం కిందికి జారిపోయింది. గోళ్ళ చుట్టూ పట్టిన నలుపు సబ్బుకు లొంగదు. రెజిమెంటల్ బజార్లో కార్బురేటరు విప్పేవాడు ఇప్పుడు అతనొక్కడే. అదేదో ఘనత అనుకునేరు, కాదు. కొత్త బళ్ళకు కార్బురేటర్లుండవు, కొత్త బళ్ళవాళ్ళు అతని రేకుల షెడ్డు వైపు తొంగి చూడరు. పాత బళ్ళవాళ్ళు కూడా చూడకుండా చేసిన పెద్దమనిషి కారే ఇవాళ అతని ముందు వణుకుతూ నిలబడి ఉంది. ఆ పెద్దమనిషి పేరు విజయేందర్.

ఒకప్పుడు మోండా మార్కెట్ వెనక విజయేందర్‌కు షెడ్డుండేది. సదాశివ అక్కడే పనిచేసేవాడు. ఒకరోజు ఒక డాక్టరుగారి కారుకు సదాశివ కార్బురేటరు ఎక్కించాడు, పెట్రోలు పైపు విజయేందర్ తొడిగాడు. ఆకలి మీదున్నాడేమో, పైపు క్లిప్పు బిగించకుండానే అన్నానికి లేచాడు. సాయంత్రం ఆ కారు నడిరోడ్డు మీద తగలబడింది. డ్రైవరు చేతులు కాలాయి. జనం షెడ్డు మీదికొచ్చారు. విజయేందర్ వెనకా ముందూ చూడకుండా, "సదాశివ బిగించిండు," అన్నాడు.

అంతే, ఒక్క ముక్క. ఆ రోజు నుంచి అతను అగ్గి సదాశివ. పని పోయింది, పేరు మిగిలింది. భార్య దేవమ్మ నీళ్ళకు నల్లా దగ్గరికి పోతే అగ్గి సదాశివ పెండ్లాం అన్నారు. పోయినేడు ఆమె చచ్చిపోతే, పాడె మోయడానికి వచ్చినవాళ్ళు కూడా అగ్గి సదాశివ ఇల్లు ఎక్కడని అడుగుతూ వచ్చారు. ఎదురుగా టీకొట్టు పెట్టుకున్న శ్రీకాకుళం దేముడుబాబుకైతే కథే తెలియదు. కోపిష్టి మనిషి గనక ఆ పేరొచ్చిందని అతని నమ్మకం.

పొద్దున విజయేందర్ కూతురు సుకన్య ఈ కారును ఎగిరిపడే ఇంజనుతో ఎలాగో నడిపించుకుంటూ తెచ్చింది. నాన్నకు ఒంట్లో బాగాలేదని, ఒక్కసారి ఈ కార్లోనే తిరిగొస్తానని పట్టుబట్టాడని, ఇంకెవరూ దీన్ని ముట్టుకోవడం లేదని చెప్పింది. సదాశివ ఒకే షరతు పెట్టాడు. బండి తయారైతే తాళం విజయేందర్ చేతికే ఇస్తాడు, ఆయనే రావాలి. చూస్తానంటూ ఆమె ఆటో ఎక్కి చిలకలగూడలోని ఇంటికి వెళ్ళిపోయింది.

రానీ. టీకొట్టు ముందు నలుగురిలో నిలబెట్టి ఆ ఒక్క ముక్కా తిరగేసి చెప్పించాలి. బిగించనిది నేనే, సదాశివ కాదు అని. దండం పెట్టనక్కర్లేదు, కాళ్ళ మీద పడనక్కర్లేదు. ఆ ముక్క వాడి నోటితో బజారు వినాలి, అంతే కావాలి సదాశివకు.

ప్లగ్గులు నాలుగూ విప్పి గుడ్డ మీద వరసగా పెట్టాడు. మూడింటికి పొయ్యి మీది మసిలా నలుపు. రెండోది మాత్రం తెల్లగా సున్నం కొట్టినట్టుంది. ఆ సిలిండరుకు పెట్రోలు చాలడం లేదు, మిగతావాటికి ఎక్కువైంది. ఒకటే కార్బురేటరు నలుగురికీ వడ్డిస్తుంటే ఒకడికే ఎందుకు తక్కువవుతుంది? దారిలో ఎక్కడో గాలి దొంగతనంగా దూరుతోందన్నమాట. ఎవడో అది వెతకలేక, కార్బురేటరు మర తిప్పి అందరికీ పెట్రోలు పెంచి చేతులు దులుపుకున్నాడు.

ప్లగ్గులు బిగించి మళ్ళీ స్టార్టు చేశాడు. గాలి ఎక్కడ దూరుతోందో తెలియడానికి అతుకుల మీద పెట్రోలు చల్లి చూసేవాళ్ళున్నారు. అతను చల్లడు, ఆ పేరు మోస్తున్నవాడు ఎలా చల్లుతాడు? నూనె డబ్బా తీసి, కార్బురేటరు నుంచి వచ్చే గొట్టం ఇంజనుకు అతుక్కునే చోట నాలుగు చుక్కలు వేశాడు. మొదటిదాని దగ్గర ఏమీ కాలేదు. రెండోదాని దగ్గర చుక్కలు సుర్రుమని లోపలికి పోయాయి. ఇంజను ఒక్క క్షణం కుదుటపడి మళ్ళీ వణికింది. అతుకు మధ్య ప్యాకింగు తిన్నగా లేదు, అక్కడి నట్టు వదులైంది.

కావాలంటే ఇలాగే వదిలేయొచ్చు. పైపైన సర్ది పంపితే, ఎక్కువ దూరం పోయేలోపే పిస్టను కాలిపోతుంది. ఆ ఆలోచన అతనికి చక్కెర తిన్నంత తియ్యగా అనిపించింది. కానీ రోడ్డు మీద నిలబడేది ఆ పిల్ల. వాడికేం నొప్పి?

మధ్యాహ్నం సుకన్య వీడియో కాల్ చేసింది. "నాన్న బండి చూస్తనంటున్నడు అంకుల్. జెర చూపియ్యండి."

ఫోన్‌లో ఒక దిండు, దాని మీద సగం జారిపోయిన మొహం. సదాశివ ఇన్నేళ్ళూ కోపంతో తలుచుకున్న మొహం అది కాదు. అందుకని కోపం తగ్గిందా, ఇంకా పెరిగింది. ఇలాంటి మొహం మీద ఉమ్మేసేదెలా?

"ఏం విజయేందర్, మాట్లాడవేంది?"

"నాన్నకు మాట పడిపోయింది అంకుల్. పొద్దున చెప్పలేకపోయిన. అన్నీ వినబడతయి, సమజైతయి. సైగలు జేస్తడు, మాటనే రాదు."

మాట పడిపోవడమేంటి? తనకు బాకీ ఉన్న ఆ ఒక్క ముక్క చెప్పకుండా ఎలా పడిపోతుంది? కసి తన్నుకొచ్చింది. ఫోన్‌ను వణుకుతున్న ఇంజను మీదికి వంచి కావాలనే తప్పు చెప్పాడు. "నాలుగోది పోయింది చూడు. నాలుగోదే కదా?"

దుప్పటి కింద నుంచి ఎడమ చెయ్యి లేచింది. రెండు వేళ్ళు నిలబడ్డాయి.

టీ గ్లాసుతో వచ్చిన దేముడుబాబు నోరు తెరిచాడు. మంచం మీంచే కనిపెట్టేశాడే అని మురిసిపోయాడు. సదాశివకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే ఒక ఉపాయం తట్టింది. నోరు లేకపోతేనేం, వేళ్ళున్నాయి కదా. ఇంజను ఆపి, టీ తాగుతున్న నలుగురినీ కేకేసి పిలిచాడు. ఫోను అందరికీ కనబడేట్టు పట్టుకున్నాడు.

"విజయేందర్, మంచిగ విను. డాక్టరు బండికి క్లిప్పు బిగియ్యంది నేనైతే ఒక వేలు చూపియ్యి. నువ్వైతే రెండు."

వేళ్ళు కదల్లేదు. రెండూ నిలబడే ఉన్నాయి. బాగున్న ఒక్క కన్ను తిన్నగా సదాశివనే చూస్తోంది.

"చూసిండ్రా?" అన్నాడు సదాశివ.

దేముడుబాబు నవ్వాడు. "అదేటన్నా, ఆయన ఇందాకట్నుంచీ రెండే చూపిస్తన్నాడు కదా. రెండో సిలిండరంటన్నాడు."

అందరూ నవ్వారు. ఎవరి గ్లాసు వాళ్ళు పట్టుకుని వెళ్ళిపోయారు. సదాశివ తన తల తానే మొత్తుకోవాలనుకున్నాడు. మూడు అనొచ్చు కదా. పిడికిలి బిగించమనొచ్చు కదా. ఇన్ని అంకెలుండగా, వాడి చెయ్యి అప్పటికే చూపిస్తున్న అంకే దొరికిందా? చెయ్యి దించమను, మళ్ళీ అడుగుతానని అరిచాడు. నాన్న అలసిపోయాడని, సాయంత్రం బండి ఇంటికే తెచ్చి మాట్లాడమని సుకన్య ఫోన్ పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం సదాశివ ఏ గిరాకీకీ చేయనంత శ్రద్ధగా పనిచేశాడు. గొట్టం విప్పాడు, అతుకు గీకాడు, కొత్త ప్యాకింగు కోసి వేశాడు, నట్లన్నీ ఒకే బిగువులో బిగించాడు. మూడు ప్లగ్గుల మసి దులిపి, కార్బురేటరు మర వెనక్కి తిప్పాడు. ప్రేమతో కాదు, పగతో. బండి సరిగ్గా ఉంటేనే వాడి గుమ్మం ఎక్కగలడు, ఈసారి పిడికిలి అడగగలడు. సాక్ష్యానికి దేముడుబాబును బతిమాలి కొట్టు మూయించి, పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. కారు చిలకలగూడ దాకా కుదుపు లేకుండా పోయింది.

సందులో కుర్చీలు వేస్తున్నారు. చెప్పులు గుట్టగా ఉన్నాయి. దేముడుబాబు ముందే అర్థం చేసుకుని తల మీది టోపీ తీశాడు. గుమ్మంలో సుకన్య వాచిన కళ్ళతో నిలబడి ఉంది.

"ఇందాకనే పోయిండు అంకుల్," అంది. "ఫోన్ పెట్టినంక చెయ్యి నేనే దించిన. మళ్ళ లేపిండు. గవే రెండు వేళ్ళు. అంకుల్ బండి మంచిగ చేస్తుండు నాన్నా, ఇగ పండుకో అన్న. వినలే. ఆఖరి దాకా దించనేలే. రెండోది మంచిగైందా అంకుల్?"

దేముడుబాబు సదాశివ వైపు చూశాడు. ఇప్పుడతని మొహంలో నవ్వు లేదు.

"అది సిలిండరు కాదు బిడ్డా," అన్నాడు సదాశివ, కుర్చీల్లోని వాళ్ళందరికీ వినబడేట్టు. "గప్పుడు డాక్టరు బండి కాలింది మీ నాయన వల్ల. గదే చెప్పిండు."

కుర్చీలన్నీ ఇటు తిరిగాయి. పాత షెడ్డు రోజుల ముసలాయన ఒకడు లేచొచ్చి సదాశివ భుజం పట్టుకున్నాడు. "అగ్గి సదాశివా, శవం ముందట ఏం మాటలే ఇవి? పక్కకు రా."

"నాకు తెల్వదు అంకుల్," అంది సుకన్య మెల్లగా. "గప్పుడు నేను చిన్నదాన్ని."

సదాశివకు జాలి కలగలేదు. మళ్ళీ చెప్పమన్నా చెబుతాడు. కానీ చెప్పాల్సిన నోరు లేదు, వినాల్సిన చెవులు వినడం లేదు. చచ్చి కూడా తప్పించుకున్నాడు దొంగ. తాళం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె పక్కకు జరిగితే లోపలి గోడ కనిపించింది.

ఆ గోడ మేకుకు, సాయంత్రం కారు షికారు కోసం ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేలాడుతోంది. పడిపోయిన చెయ్యి దూర్చడానికి వీలుగా కుడిచేతి కుట్లు భుజం నుంచి మణికట్టు దాకా విప్పి, వరసగా గుండీలు కుట్టి ఉన్నాయి.